నాడెలో దారం

ధర్మవరంలో రైలెక్కి హిందూపురం పోతుంటే మధ్యలో పెనుకొండ వస్తుంది. ఈ మూడూళ్ల మధ్య ఈ ఏడాది నేను తిరిగినంతగా ఉద్యోగం చేసే రోజుల్లో కూడా తిరగలేదు. కారణం ఒక పదిహేడేళ్ల అమ్మాయి, ఆమెకు కావలసిన ఒక బైబిలు కోర్సు.

నేను ఇంటర్ పిల్లలకు తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. పాస్టర్ని కాను. ఆదివారం చర్చిలో వెనక బెంచీ నాది. అయినా ఆ తల్లి నాకే ఫోన్ చేసింది. "సార్, మా పాపకు ఈ ఏడు గట్టి బైబిలు కోర్సు ఒకటి కావాల. ఊరికే కథలు చెప్పేది కాదు, గట్టిది" అంది. వాళ్లు బెంగళూరులో ఉండి, కరోనా రోజుల్లో హిందూపురం తిరిగొచ్చిన కుటుంబం. అప్పటి నుంచి పిల్లల చదువు ఇంట్లోనే. అమ్మాయికి ఇది పన్నెండో తరగతి.

బడికి పోకుండా చదువేమిటని మనలో చాలామందికి అనుమానం వస్తుంది. విద్యాహక్కు చట్టం మాట్లాడేది ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల గురించి. ఆ వయసు దాటినవాళ్లకు సార్వత్రిక విద్య ఉంది. ఢిల్లీలో 1989లో నేషనల్ ఓపెన్ స్కూల్‌గా మొదలైన సంస్థనే ఇప్పుడు ఎన్ఐఓఎస్ అంటున్నాం. ఐదు సబ్జెక్టులు ఎంచుకోవాలి, అందులో ఒక భాష తప్పనిసరి. ఏడాదికి రెండుసార్లు పరీక్షలు. మన అమ్మాయి అక్కడే చేరింది. ఆ ఐదింటిలో బైబిలు లేదు, ఉండదు కూడా. అంటే ఇది మార్కులు రాని ఆరో సబ్జెక్టు. మార్కులు రావు కాబట్టి నచ్చినంత లోతుగా చదువుకోవచ్చని నేనన్నాను. తల్లికి ఆ మాట అంతగా రుచించినట్టు లేదు.

అంతకుముందు ఏడు పోస్టులో తెప్పించుకున్న ఒక కోర్సు ఆ అమ్మాయి చేసింది. ఎవరిదన్నది వదిలేద్దాం. పన్నెండు పుస్తకాలు. ప్రతి పాఠం కింద పది ఖాళీలు. నోవహు ఓడ పొడవెన్ని మూరలు? యాకోబుకు కొడుకులెంతమంది? అమ్మాయి పన్నెండు పుస్తకాలనూ మూడు వారాల్లో పూర్తిచేసి పంపింది. బంగారు అంచుతో సర్టిఫికెట్ వచ్చింది. దాన్ని నాకు చూపించి, "సార్, ఇవన్నీ నాకు ఏడేళ్లప్పుడే తెలుసు" అంది. నవ్వుతూనే అంది గానీ ఆ నవ్వులో కొంచెం అవమానం ఉంది.

తరువాత తల్లి చూసింది అమెరికా నుంచి వచ్చే పెద్ద సెట్టు. అక్కడ ఇంట్లో చదివే పిల్లలు లక్షల్లో ఉన్నారు, వాళ్ల కోసం పుస్తకాలు రాసే కంపెనీలూ ఉన్నాయి. ఆ పుస్తకాల్లో మంచివి లేవనను. నేను చూసినదాంట్లో మాత్రం ప్రతి ఉదాహరణా మంచు కురిసే ఊరిది. మన పిల్ల ముందు ఆ ఊరిని అర్థం చేసుకుని, ఆ తరువాత బైబిలును అర్థం చేసుకోవాలి. ధర డాలర్లలో. బరువు మూడు కిలోలు. బరువైన పుస్తకం కష్టమైన పుస్తకం అనుకోవడం మనకు గైడ్ల కాలం నుంచీ ఉన్న భ్రమే.

నేనొక చిన్న పరీక్ష పెట్టుకున్నాను. కోర్సు ఏదైనా ముందుమాట చదవను, పేరు చూడను. సరిగ్గా నడిమి పేజీ తెరిచి అక్కడ పిల్లను ఏం అడిగారో చూస్తాను. ఒక్క మాటలో జవాబు వచ్చే ప్రశ్నలే ఉంటే పక్కన పెట్టేస్తాను. రెండు పేజీలు రాస్తే తప్ప తెమలని ప్రశ్న ఉంటే, దానికి పుస్తకం వెనక జవాబు లేకపోతే, అప్పుడు కూర్చుని చదువుతాను. ఈ పరీక్షకు నిలిచింది నాకు తెలుగులో ఒక్కటీ దొరకలేదు. అందుకే కోర్సు కొనడం మానేసి, ఏ భాగం చదవాలి, ఎవరితో కూర్చుని చదవాలి అని ఆలోచించడం మొదలుపెట్టాం.

మొదట యోబు గ్రంథం పట్టుకున్నాం. అమ్మాయి ఏడో అధ్యాయం దగ్గర ఆగింది. అక్కడ యోబు తన రోజులు నేతగాడి నాడె కంటే వేగంగా పోతున్నాయంటాడు, వెంటనే నిరీక్షణ లేకుండా ముగిసిపోతున్నాయంటాడు. "నాడె అంటే ఏంది సార్?" అని అడిగింది. ధర్మవరానికి ఇంత దగ్గరి ఊళ్లో పుట్టి పట్టు పావడా కట్టుకుని పెరిగిన పిల్ల నాడె చూడలేదు. తప్పు ఆమెది కాదు. చెప్పి ప్రయోజనం లేదని ధర్మవరం తీసుకుపోయాను.

నాకు తెలిసిన ఒక పెద్దాయన ఇంట్లో గుంట మగ్గం ఉంది. డెబ్భై దాటినవాడు. ఇప్పటికీ కాళ్లు గుంటలో పెట్టి కూర్చుంటే లేవడానికి ఇష్టపడడు. యోబు ఎవరో ఆయనకు తెలియదు, ఆయన పూజగది వేరు. అమ్మాయి తన ఫోన్లో ఆ వచనం చదివి వినిపించింది. ఆయన నాడెను చేతిలోకి తీసుకుని బోర్లా తిప్పాడు. పడవలాగా నున్నగా అరిగిన కొయ్య, లోపల కండె, కండెకు చుట్టిన ఎర్ర పట్టు. "వేగం సంగతి సరే పాపా. ఇది ఈ పక్క నుంచి ఆ పక్కకు పోయేది ఎవురికైనా కనపడతాది. కండెలో దారం అయిపోయిందనుకో, అప్పుడు కూడా నాడె పోతానే ఉంటాది. ఉత్తినే కొట్టుకుంటాది. బట్ట పెరగదు. మీ ఆయప్ప ఏడ్చింది దానికేనేమో" అన్నాడు.

నాకు ఒళ్లు జలదరించింది. ఎందుకంటే హీబ్రూ మూలంలో ఆ చోట ఉన్న మాట తిక్వా. తిక్వా అంటే ఆశ. తిక్వా అంటే దారం కూడా. యెహోషువ గ్రంథం రెండో అధ్యాయంలో రాహాబు తన కిటికీకి కట్టిన ఎర్ర దారానికి వాడింది ఆ మాటనే. నాడె తిరుగుతూ తిరుగుతూ దారం అయిపోయిందని, రోజులు తిరుగుతూ తిరుగుతూ ఆశ అయిపోయిందని యోబు ఒకే మాటతో రెండూ అన్నాడు. ఇంగ్లీషులో ఆ శ్లేష పోయింది. తెలుగులోనూ పోయింది. వ్యాఖ్యానాల్లో వెతికితే దొరుకుతుంది. మా పెద్దాయనకు మాత్రం మగ్గంలోనే దొరికింది.

ఆ రోజు రైల్లో అమ్మాయి ఒక్క మాట మాట్లాడలేదు. హిందూపురం స్టేషన్లో దిగాక, "సార్, హీబ్రూ నేర్చుకోవాలంటే ఎన్నాళ్లు పడుతుంది?" అని అడిగింది. అక్షరాలు ఇరవై రెండే. యాభై ఆరు దిద్దిన తెలుగు పిల్లకు ఇరవై రెండు ఒక లెక్కా? పైగా మన తెలుగు బైబిల్లోనే 119వ కీర్తన తెరిస్తే ఆలెఫ్, బేత్ అని ఆ అక్షరాల పేర్లు వరుసగా కనిపిస్తాయి. ఒక్కో అక్షరానికి ఎనిమిది వచనాలు, మొత్తం 176. చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉంది, అవి ఏమిటని ఎవరూ చెప్పలేదు. రెండు వారాల్లో అక్షరాలు వచ్చేశాయి. వ్యాకరణం వేరే సంగతి, అది ఇప్పటికీ ఏడిపిస్తూనే ఉంది.

ఇక్కడ ఒక పక్క మాట చెప్పి వస్తాను. తెలుగు బైబిల్లో ఆశకు నిరీక్షణ అని వాడారు. చర్చి బయట నిరీక్షణ అంటే ఎదురుచూపు. ఎన్నో ఏళ్లు నేను ఆ మాటను పాత తెలుగు ఇబ్బందిగానే లెక్కేశాను. నిఘంటువు తెరిచి చూస్తే తిక్వా పుట్టిన ధాతువుకు అర్థం ఎదురుచూడడమే! మన పాత అనువాదకులు తెలిసే ఆ మాట ఎంచుకున్నారో, చెవికి తోచి ఎంచుకున్నారో గానీ దారి తప్పలేదు.

ఆ అనువాదకుల కథే ఒక పాఠం. జర్మనీ నుంచి వచ్చిన బెంజమిన్ షుల్జ్ 1720లు, 1730ల్లో మద్రాసులో కూర్చుని బైబిలును తెలుగు చేశాడు, అది అచ్చుకు నోచుకోలేదు. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషన్ వాళ్లు జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ కలిసి, ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడి సాయంతో మళ్లీ మొదలుపెట్టారు. వాళ్ల సువార్తలు శ్రీరాంపూర్‌లో అచ్చయింది 1812లో. అప్పటికి క్రాన్ లేడు, డెగ్రాంజ్ లేడు. కొత్త నిబంధన మొత్తం తెలుగులో అచ్చులోకి వచ్చేసరికి 1818. ఇటు మన పక్కనే బళ్లారిలో జాన్ హ్యాండ్స్ అదే పని కన్నడంలో చేశాడు, 1831కి బైబిలు మొత్తం పూర్తయింది. హిందూపురం పిల్లలకు ఈ రెండో సంగతి ముఖ్యం. అక్కడ సంతలో బేరం కన్నడంలో, ఇంట్లో తిట్లు తెలుగులో. ఒక్కో వచనాన్ని తెలుగులో, కన్నడంలో, ఇంగ్లీషులో పక్కపక్కన పెట్టి ఎక్కడ తేడా వచ్చిందో రాయమన్నాను. డబ్బు పెట్టి కొన్న ఏ కోర్సూ ఈ పని చేయించలేదు. కన్నడంలో నాడెను లాళి అంటారని ఆ పిల్ల నాకు చెప్పింది.

రెండో భాగానికి పెనుకొండ పోయాం. కొండ కింద కోట గోడ నీడలో కూర్చుని రాజుల రెండో గ్రంథం పద్దెనిమిదో అధ్యాయం చదివాం. క్రీ.పూ. 701లో అష్షూరు రాజు సన్హెరీబు యూదా మీదికి వచ్చాడు. యెరూషలేములో హిజ్కియా కోట తలుపులు మూసుకుని కూర్చున్నాడు. 1565లో రక్కసి తంగడి యుద్ధంలో ఓడాక విజయనగరం వదిలి రాజధాని వచ్చి చేరిన కొండ మా పెనుకొండ. ముట్టడి అంటే ఏమిటో, కోటలో నీళ్లెంత ముఖ్యమో ఇక్కడ కూర్చున్నవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. హిజ్కియా కూడా నీళ్ల గురించే ముందు ఆలోచించాడు. ఊరి బయటి ఊటను లోపలికి తేవడానికి రాతిలో తొలిచిన సొరంగం ఇప్పటికీ ఉంది, 533 మీటర్లు. దాన్ని రెండు వైపుల నుంచి తొలుస్తూ వచ్చి మధ్యలో కలిసిన పనివాళ్ల కథ చెక్కిన శాసనం 1880లో బయటపడింది.

అమ్మాయికిచ్చిన పని ఇది. ఇదే కథ రాజుల గ్రంథంలో ఉంది, యెషయాలో ఉంది, దినవృత్తాంతాల్లో ఉంది. నాలుగోది సన్హెరీబు తన గొప్ప తాను చెక్కించుకున్న మట్టి స్తంభం, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది, అనువాదం ఉచితంగా చదువుకోవచ్చు. నాలుగూ చదివి ఎవరు ఏం చెప్పారో, ఎవరు ఏం మింగేశారో రాయాలి. వారం పట్టింది. హిజ్కియా కప్పం కట్టాడని రాజుల గ్రంథం దాచకుండా చెబుతుంది. యెషయా గ్రంథంలో ఆ మూడు వచనాలు లేవు. దినవృత్తాంతాల్లో కప్పం ఊసే లేదు. సన్హెరీబు నలభై ఆరు కోటలు పట్టానంటాడు, హిజ్కియాను పంజరంలో పిట్టను చేశానంటాడు, యెరూషలేమును పట్టానని మాత్రం అనడు! బంగారం లెక్క ఇద్దరిదీ ఒకటే, ముప్పై తలాంతులు. వెండి దగ్గర తేడా. బైబిలు మూడు వందలంటే అతను ఎనిమిది వందలంటాడు.

ఇంకో చిక్కు కూడా వచ్చింది. తెలుగు బైబిల్లో ఈ అంకెలు రెట్టింపుగా ఉన్నాయని అమ్మాయి పట్టుకుంది. అచ్చుతప్పు అనుకుంది. కాదు, మన అనువాదకులు తలాంతుకు రెండు మణుగులు చొప్పున లెక్కగట్టి మణుగుల్లో రాశారు. మణుగు అంటే అమ్మాయికి తెలియదు, వాళ్లమ్మకూ తెలియదు. బెల్లం మండీ ఎరిగిన వాళ్ల అవ్వకు తెలుసు. ఆ సాయంత్రం ఆ ఇంట్లో మూడు తరాల ఆడవాళ్లు కూర్చుని సన్హెరీబుకు కట్టిన వెండిని తూకం వేశారట. నేను లేను, ఫోన్లో విన్నాను.

పదిహేడేళ్ల పిల్లకు ఇంత భారమా అని ఒకరిద్దరు నన్నడిగారు. వాళ్లకు నేను పెనుకొండనే చూపించాను. పుట్టపర్తి నారాయణాచార్యులు ఈ ఊళ్లోనే పెరిగి, ఇంకా మీసాలు రాని వయసులో పెనుగొండ లక్ష్మి కావ్యం రాశారు. తరువాత ఆయన విద్వాన్ పరీక్షకు కూర్చుంటే ఆయన పుస్తకమే ఆయనకు పాఠ్యగ్రంథంగా వచ్చిందని ఇక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అందరూ పుట్టపర్తివారు కారు, నిజమే. కానీ పిల్లలు మోయలేరని మనమే తీర్మానించి ఓడ పొడవు అడుగుతూ కూర్చోవడం మాత్రం అన్యాయం.

ఒక పాస్టరుగారి భయం వేరు. ఇలా తేడాలు వెతికితే విశ్వాసం సడలదా అన్నారు. మంచి మనిషి, పిల్లల మీద ప్రేమతోనే అన్నారు. నేను మార్కు సువార్త చివరి అధ్యాయం తీశాను. అన్నిటికన్నా పాతవైన రెండు పెద్ద గ్రీకు ప్రతుల్లో ఆ సువార్త పదహారో అధ్యాయం ఎనిమిదో వచనంతో ఆగిపోతుంది. తరువాతి పన్నెండు వచనాలు వాటిలో లేవు. ఈ సంగతి ఈ పిల్లకు వచ్చే ఏడాది కాలేజీ హాస్టల్లో ఎవరో వెటకారంగా చెబుతారు. లేదా రాత్రి పదకొండు గంటలకు యూట్యూబ్ చెబుతుంది. అంతకంటే ముందు మీరు చెబితే మంచిది కదా అయ్యగారూ అన్నాను. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. రెండు వారాల తరువాత ఆయనే ఫోన్ చేసి, ఆ పాఠం నేను చెబుతానన్నారు. చెప్పారు కూడా, నాకంటే బాగా.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. ఇంటి చదువులో పుస్తకాలకు కొరత లేదు. కొరత దిద్దేవాళ్లకు. తల్లి దిద్దితే ప్రేమ అడ్డొస్తుంది, లేదా కోపం. పిల్ల రాసిన రెండు పేజీలను ఎర్ర కలంతో చదివి, "ఈ మాట నువ్వెక్కడి నుంచి తెచ్చావు?" అని అడిగే మూడో మనిషి కావాలి. 1963లో గ్వాటెమాలాలో ఇలాంటి ఇబ్బంది నుంచే ఒక పద్ధతి పుట్టింది. పొలాలు, పిల్లలు వదిలి సెమినరీకి రాలేని గ్రామ పెద్దల కోసం సెమినరీయే వాళ్ల దగ్గరికి పోయింది. వారమంతా ఇంట్లో పాఠం చదువుకోవడం, వారానికొకసారి ఒకచోట కూర్చుని గైడు ముందు వాదించుకోవడం. మన దేశంలో ఆ పద్ధతి మీదే 1971 నుంచి బెంగళూరు కేంద్రంగా టాఫ్టీ అనే సంస్థ నడుస్తోంది. హిందూపురానికి బెంగళూరు ఎంత దూరం! ఇంటర్ అయ్యాక ఇంకా లోతుకు పోవాలనుకుంటే శ్రీరాంపూర్ ఉంది. 1818లో కేరీ, మార్ష్‌మన్, వార్డ్ పెట్టిన కాలేజీ, 1827లో డెన్మార్క్ రాజు ఇచ్చిన పట్టాతో డిగ్రీలిచ్చే హక్కు పొందింది. పాస్టర్లు కానివాళ్లకు దూరవిద్యలో క్రైస్తవ అధ్యయనాలు కూడా దాని కింద ఉన్నాయి. ఎవరికి ఏ అర్హత కావాలన్నది మాత్రం డబ్బు కట్టకముందే రాసి కనుక్కోండి.

మా అమ్మాయి ప్రస్తుతానికి ఇవేవీ చేరలేదు. వారానికి ఒక భాగం చదువుతుంది, రెండు పేజీలు రాస్తుంది, శనివారం సాయంత్రం నాలుగింటికి ముగ్గురం కూర్చుంటాం. నేను తెలుగు దిద్దుతాను. పాస్టరుగారు దైవశాస్త్రం దిద్దుతారు. ఆ తరువాత మా ఇద్దరినీ అమ్మాయి దిద్దుతుంది. మధ్యలో లూకా సువార్త చదువుతూ, దాని పక్కన మన కవి జాషువా రాసిన క్రీస్తు చరిత్ర పెట్టుకున్నాం. 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చిన ఆ కావ్యం మన చర్చిల్లో ఎంతమంది ఇళ్లలో ఉందో లెక్కపెడితే సిగ్గుపడాల్సి వస్తుంది. లూకా చెప్పిందేది, జాషువా కల్పించిందేది అని ఆమె రాసిన వ్యాసం లాంటిది నేను డిగ్రీ పిల్లల దగ్గర కూడా చూడలేదు.

కోర్సుకైన ఖర్చు రైలు టికెట్లు, రెండు నోటుపుస్తకాలు, ఒక హీబ్రూ నిఘంటువు.

మొన్న మళ్లీ ధర్మవరం పోయాం. ఈసారి యెషయా ముప్పై ఎనిమిదో అధ్యాయం. జబ్బుపడ్డ హిజ్కియా తన బతుకును మగ్గం నుంచి కత్తిరించిన బట్టతో పోలుస్తాడు. పెద్దాయన విని తల అడ్డంగా తిప్పాడు. "చీర అయిపోయినాక కోసేది మాకు పండగ కద పాపా. కూలి వచ్చేది ఆ రోజే. ఆ రాజు ఏడ్చినాడంటే పడుగు ఇంకా మిగిలుండంగానే కోసినారన్న మాట" అన్నాడు. అమ్మాయి అది రాసుకుంది. అప్పటికి హిజ్కియాకు ఎన్నేళ్లో లెక్క కట్టడం ఈ వారం పని.

చివరిగా ఒక మనవి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో బైబిలు కాలేజీల్లో గ్రీకు, హీబ్రూ చదివొచ్చి ఆ పుస్తకాలు అటక మీద పెట్టేసినవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు తెలిసినవాళ్లే అరడజను. అయ్యా, అమ్మా, ఆ పుస్తకాలు ఒకసారి దింపండి. ఇంట్లో చదివే పిల్లలైనా, కాలేజీకి పోయే పిల్లలైనా మీ చర్చిలో ఒకరిద్దరు ఉంటారు. వాళ్లకు వారానికి ఒక గంట ఇవ్వండి. ఎర్ర కలం మరిచిపోకండి.